కూర్మాగాడి సీటు

ఒట్టు... ఇది నిజంగా జరిగింది. అమ్మతోడు అనను, దేవుడితోడు అనను. కూర్మాగాడి తోడు. ఆ ఒట్టు నేను ఊరికే వెయ్యనని చివరికి మీకే తెలుస్తుంది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వెయ్యండి. మధ్యలో నవ్వితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెబుతున్నాను.

మేం నలుగురం స్నేహితులం. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసుకునే నేను, టెక్కలిలో సెల్‌ఫోన్ల షాపు పెట్టిన జగ్గు, కొబ్బరికాయలు లారీలకెత్తే దాలినాయుడు, ఇంక కూర్మారావు. అక్కుపల్లి సముద్రం ఒడ్డున ఇసకలో బంతి తన్నుకుంటూ పెరిగాం. కూర్మాగాడు గోల్‌కీపరు. ఆట అయిపోయి, చీకటి పడి, అందరం చెప్పులు వెతుక్కుంటున్నా వాడు మాత్రం గోలు దగ్గరే చతికిలబడి ఉండేవాడు. "రారా కూర్మా, పోదాం" అని నేను అరిస్తేనే లేచేవాడు. రోజూ అంతే.

మన ఇండియా జట్టు ఆడే మేచ్ పరాయి దేశం వెళ్ళి చూడాలన్న పిచ్చి కూడా వాడిదే. దోహాలో మేచ్ ఉందని తెలియగానే నాలుగు టికెట్లూ పక్కపక్కనే వచ్చేలా వాడే తీశాడు. ఆ తర్వాత వాడికి కాళ్ళు వాచాయి. మా ఉద్దానంలో కాళ్ళు వాస్తే ఎందుకని ఎవరూ అడగరు. రక్తపరీక్షకి పరిగెడతారు. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. పలాస ఆస్పత్రిలో డయాలసిస్ మొదలుపెట్టారు. ప్రయాణం మాట ఎత్తొద్దన్నారు. అయితే మేమూ మానేస్తాం అన్నాం. వాడు ఏడ్చినంత పని చేశాడు.

"మీరెల్లి సూడండ్రా. నాను సూసినట్టే."

బయల్దేరే రోజు ఆస్పత్రి వరండాలో వాళ్ళమ్మ మహలక్ష్మత్త మమ్మల్ని ఆపింది. ముగ్గురు కలిసి ప్రయాణం పెట్టుకోకూడదు కదా. తప్పకపోతే ఒక రాయిని వెంట తీసుకెళ్ళి నలుగురం అనుకుంటాం. అత్త వాళ్ళ జీడితోటలోంచి ఒక రాయి తెచ్చింది. నల్లగా, నున్నగా, కోడిగుడ్డంత ఉంది. ముందు దాన్ని కొడుకు అరచేతిలో పెట్టింది. వాడు వేళ్ళు మూసి కాసేపు పట్టుకున్నాడు. తర్వాత తీసి నా చేతికిచ్చింది.

"నాలుగోవోడు ఈడేరా నాయినా. తీసుకెల్లినట్టే తీసుకొచ్చి నా సేతిలో ఎట్టాల. దార్లో ఒదిలీకండి."

"రాయికి ఈసా ఎవుడిత్తాడత్తా?" అన్నాడు దాలినాయుడు. వాడి నోరు ఊరుకోదు.

అత్త నవ్వలేదు.

దోహాలో దిగాం. మేచ్ రోజు పొద్దు వాలుతుండగా స్టేడియం దగ్గరికి చేరాం. గేటు దగ్గర సంచులు వెతుకుతున్నారు. నా సంచిలోంచి ఆ రాయి పైకి తీసి, సెక్యూరిటీ అతను హిందీలో ఇదేమిటని అడిగాడు.

"మా ఫ్రెండు," అన్నాడు జగ్గు.

అతను మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. బంతాట చూడ్డానికి రాయి పట్టుకొచ్చే వాళ్ళని ఏ దేశంలో మాత్రం లోపలికి పంపిస్తారు? ఆ ముక్క మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. అతను చెత్తడబ్బా చూపించాడు. దాలిగాడు నిజంగానే పడెయ్యబోయాడు. నేను లాక్కున్నాను. గేటుకి కాస్త దూరంలో పెద్ద పూలతొట్టి ఉంది. అందులో మొక్కల మొదట్లో అందానికి నల్లటి గులకరాళ్ళు పరిచారు. రాళ్ళలో రాయి, ఎవడూ ముట్టుకోడు. నా తెలివికి నేనే మురిసిపోయి దాన్ని అక్కడ పెట్టాను.

"ఇక్కడే ఉండరా కూర్మా, వచ్చేత్తాం," అన్నాను. సరదాకే అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం కూడా.

ఇప్పుడు సీట్ల సంగతి చెప్పాలి. కొంచెం జాగ్రత్తగా వినండి. అక్కడి సీట్లకి స్ప్రింగు ఉంటుంది. కూర్చుంటే కిందికి దిగుతుంది. లేస్తే టప్‌మని పైకి మడుచుకుపోతుంది. మా నాలుగూ వరస చివర. అన్నిటికన్నా చివరిది కూర్మాగాడిది, దాని పక్కది నాది. మేం వెళ్ళేసరికి అది మడిచే ఉంది. నేను కళ్ళారా చూశాను.

జనగణమన మొదలైంది. అందరం లేచాం. వెనకా ముందూ సీట్లన్నీ టపటపటపమని మడుచుకున్నాయి. అయిపోయాక కూర్చోబోతూ పక్కకి చూశాను.

చివరి సీటు... దిగి ఉంది.

స్ప్రింగు వదులైందేమో అనుకుని చేత్తో పైకి నెట్టాను. నిలబడింది. కాసేపటికి మన మీద గోలు పడింది. అందరూ తల పట్టుకున్నారు. మళ్ళీ చూస్తే సీటు కిందికి దిగే ఉంది. చప్పుడు లేదు. ఈసారి నెట్టలేదు. నిజం చెప్పొద్దూ, చెయ్యి రాలేదు.

ఇంతలో ఒకతను చేతిలో కూల్‌డ్రింకుతో మెట్లెక్కి వచ్చాడు. ఖాళీ చూసుకుని కూర్చోబోయాడు. వంగినవాడల్లా ఆగాడు. సీటు వైపు చూసి "సారీ" అన్నాడు. నాతో కాదు... సీటుతో. అని గబగబా కిందికి దిగిపోయాడు.

"సూసినావా?" అన్నాను జగ్గుతో.

"ఏటి?"

"ఏటీ లేదులే."

జగ్గు ఆ సీటు ఫోటో తీసి కూర్మాగాడికి పంపాడు. జవాబు రాలేదు. ఆ రోజు వాడి డయాలసిస్ రాత్రి షిఫ్టులో, అక్కడ మిషను మీద ఉంటాడులే అనుకున్నాం.

మేచ్ అయిపోయింది. ఓడిపోయాం, వదిలెయ్యండి. జనం లేచి వెళ్ళిపోతున్నారు. సీట్లు మడుచుకుంటున్నాయి... ఒక వరస... ఇంకో వరస... చప్పుడు దూరం అవుతోంది. మా స్టాండు ఖాళీ అయింది. అవతలి వైపు దీపాలు ఆర్పేశారు. దాలిగాడూ జగ్గూ నాలుగు మెట్లు దిగి నాకోసం ఆగారు. నేను కదల్లేదు.

అన్ని సీట్లూ మడిచి ఉన్నాయి.

అదొక్కటి తప్ప.

దాని మీద ఏమీ లేదు. ఏదో కనిపించిందని చెప్పను, అబద్ధం అవుతుంది. ఖాళీ ప్లాస్టిక్ సీటు. కానీ... దాని మీద బరువుంది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. స్ప్రింగు సన్నగా కిర్రుమంటోంది. ఎవరైనా కూర్చుని కాలు ఊపుతుంటే వస్తుందే, ఆ చప్పుడు. ఆగుతుంది... మళ్ళీ కిర్రు... ఆగుతుంది. కూర్మాగాడికి కాలు ఊపే అలవాటుంది. భయం వేసింది. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. ఎందుకన్నానో తెలీదు. నోరు దానంతటదే అంది.

"రారా కూర్మా... పోదాం."

కిర్రు ఆగింది.

టప్.

సీటు పైకి మడుచుకుపోయింది.

కింద దాలినాయుడు చూశాడు. వాడూ చూశాడు! ముగ్గురం పడుతూ లేస్తూ గేటు బయటికి పరిగెత్తాం. పూలతొట్టి దగ్గరికి వెళ్ళి సెల్‌ఫోన్ లైటు వేశాను.

అన్నీ నల్లరాళ్ళే. అన్నీ కోడిగుడ్డంతే.

ఎక్కడ పెట్టానో గుర్తుంది అనుకున్నాను. ఏదో మొక్క పక్కన. ఏ మొక్క? జగ్గు "ఇదే బావా" అంటాడు. దాలి "కాదెహె, ఇది" అంటాడు. అప్పుడు మోగింది నా ఫోను. మహలక్ష్మత్త. గొంతు బొంగురుపోయి ఉంది.

"గుంటడు సేతుల్లోంచి ఎల్పోనాడనుకున్నాన్రా బాబూ. మిషను మీదే కళ్ళు తేలేసినాడు. నర్సమ్మ బుగ్గల మీద కొట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇందాకే... 'వత్తన్నాన్రా' అని కళ్ళు తెరిసినాడు. ఎవుల్తో అన్నాడో ఏటో. రాయి బద్రంగా ఉన్నాదా?"

"ఉన్నాదత్తా," అన్నాను. తొట్టి నిండా ఉన్నాయి మరి.

"బేగి తీసుకొచ్చీండి."

సెక్యూరిటీ వాళ్ళు వెళ్ళమని కేకలేస్తున్నారు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాను. ఒకటి చేతికి అలవాటైనట్టు అనిపించింది. అనిపించింది... అంతే. జేబులో వేసుకున్నాను.

ఇంటికొచ్చాక అత్త చేతిలో పెట్టాను. అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చాలాసేపు చూసింది.

"ఇదేనారా?"

"ఇదే అత్తా."

మళ్ళీ అడగలేదు. కొంగున కట్టుకుని జీడితోట వైపు నడిచింది. నాకు మాత్రం తొట్టి దగ్గర ఆ రాత్రి నుంచి అదే గుబులు, తెచ్చింది మన రాయేనా అని. డాక్టరుని అడిగితే డయాలసిస్‌లో బీపీ పడిపోవడం మామూలే, అలాంటప్పుడు ఏదో గొణుగుతారు అన్నారు. జగ్గు స్ప్రింగు పాడైందంటాడు. కావచ్చు. దాలిగాడు అసలు ఆ ఊసే ఎత్తనివ్వడు.

కూర్మాగాడు ఉన్నాడు. బతికే ఉన్నాడు. డయాలసిస్‌కి నేనే తీసుకెళ్తాను. అయిపోయి, సూదులు తీసి, దూది అంటించాక కూడా లేవడు. కళ్ళు తెరిచే ఉంటాయి. ఎదురుగా ఉన్న గోడని, ఆ గోడ చాలా దూరంలో ఉన్నట్టు చూస్తూ... కాలు ఊపుతుంటాడు. నర్సు పిలిచినా లేవడు. అత్త పిలిచినా లేవడు. నేను దగ్గరికెళ్ళి "రారా కూర్మా, పోదాం" అనాలి. అప్పుడు లేస్తాడు. చిన్నప్పటి అలవాటేనేమో.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఏటి సూత్తన్నావురా?"

"అవతలేపు లైట్లు ఆర్పీసినారు బావా," అన్నాడు. "మనేపు ఇంకా ఆర్పలేదు."

ఆ దీపాల సంగతి నేను వాడికి చెప్పలేదు. జగ్గు చెప్పాడేమో అడిగితే, గుర్తు లేదంటాడు.

నేను ఊరు దాటడం మానేశాను. పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళను. మొన్న నాకు జ్వరం వచ్చి, రెండు దుప్పట్లు కప్పుకుని మరీ ఆస్పత్రికి వెళ్ళాను. మా ఆవిడ తిట్టింది. ఆవిడకేం తెలుసు. నేను వెళ్ళకపోతే వాణ్ణి ఎవరు పిలుస్తారు?