మైకు పిన్ని పలకని పేరు

ఆ పెద్ద ఆసుపత్రిలో మైకు పిన్నిని ఎరగనివాళ్లు లేరు. హాల్లో అద్దాల గదిలో కూర్చుని, లోపల డాక్టరు గంట నొక్కగానే తెర మీదికొచ్చిన పేరు మైకులో పిలవడం ఆవిడ ఉద్యోగం. పక్క కౌంటర్లవాళ్లు టోకెన్ నంబరు చదివి చేతులు దులుపుకుంటారు. ఆవిడ అలా కాదు. ఏ భాష పేరైనా సరే, తెలియకపోతే లేచి వెళ్లి ఆ మనిషి నోటే పలికించుకుని, తానూ పెదవులు కదిపి నేర్చుకుని, అప్పుడు మైకు నొక్కేది.

పేర్ల పిచ్చి అంటే అంతా ఇంతా కాదు. సోలెదాద్ అంటే ఒంటరితనమని తెలిసిన రోజు ఆవిడకు అన్నం సహించలేదు. కన్నబిడ్డకు అలాంటి పేరు పెట్టిన తల్లి ఎవరో, ఎన్ని పడి పెట్టిందో అని ఒకటే ఆరాటం. ఐనూర్ అంటే వెన్నెలని విన్నాక కొన్నాళ్లు ఇంట్లో పిల్లిని ఐనూర్ అనే పిలిచింది. ఆ పిల్లికి అప్పటికే బోలెడు పేర్లుండేవి, దేనికీ పలికేది కాదు.

అంతటి మనిషి కూతురికి అల్లాటప్పా పేరు పెడుతుందా? కడుపుతో ఉన్నప్పుడు, సముద్రాలు దాటి వచ్చిన ఒక ముసలావిడ దగ్గర విన్న పేరు ఏరికోరి పెట్టింది. వాన వెలిశాక వచ్చే ఎండ అని అర్థమట. అర్థం బంగారమే, కాదనం. నోరు తిరగాలిగా! బళ్లో టీచర్ల దగ్గర్నుంచి బస్సు పాసు గుమాస్తా దాకా ఆ పేరును చిత్రవధ చేయనివాళ్లు లేరు. పిల్ల ఓర్చుకుంది, ఓర్చుకుంది, చివరికి ఉద్యోగంలో చేరేముందు చెప్పాపెట్టకుండా పేరు మార్చేసుకుంది. రెండక్షరాల పేరు, వీధికి నలుగురికి ఉండేది.

“నా పేరుకి అర్థం చెప్పుకోవడంతోనే సగం జీవితం అయిపోయిందమ్మా. ఇంక నావల్ల కాదు” అంది.

తల్లి వింటేనా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పాత పేరుతోనే పిలిచేది. కూతురు పలికేది కాదు. చివరికి ఆ పేరూ మానేసి, ‘ఏమే’తో, ‘ఇదుగో’తో సరిపెట్టింది. పెళ్లయి వెళ్లేటప్పుడు కూతురు తెగేసి చెప్పింది, తన పేరు అమ్మ నోట వచ్చిన రోజే మళ్లీ ఈ గడప తొక్కుతానని. అన్నంత పనీ చేసింది. కడుపుతో ఉందన్న సంగతి కూడా అల్లుడు ఫోన్ చేస్తేనే తెలిసింది. ఇంతా చేసి గొడవెక్కడ? రెండక్షరాల దగ్గర! వింటే నలుగురూ నవ్విపోతారు. ఆవిడకు మాత్రం ఏడుపొచ్చేది.

ఆ రోజు పొద్దున్నే అల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. వాళ్ల డాక్టరమ్మ స్కానింగ్ కోసం ఈ ఆసుపత్రికే పంపుతోందనీ, కంగారేమీ లేదనీ, బయల్దేరుతున్నామనీ చెప్పాడు.

అంతే, కాలుగాలిన పిల్లి అయిపోయింది ఆవిడ. కూర్చుంటుంది, లేస్తుంది, ఖాళీ సీసా ఎత్తి తాగబోతుంది. అద్దం తుడిచిందే తుడిచింది. ముందువాళ్లను వదిలేసి వెనకవాళ్లను పిలిచి ఒక పెద్దాయనతో చీవాట్లు కూడా తింది.

ఎట్టకేలకు వచ్చారు. కూతురు వెనక బెంచీ మీద, నడుముకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది. ఆ పొట్ట, ఆ నీరసం చూసేసరికి తల్లికి పరుగెత్తుకెళ్లి తల నిమరాలనిపించింది. ఆ పిల్ల ఇటు కన్నెత్తి చూస్తేనా! పక్క కౌంటరు అమ్మాయికి కథంతా తెలుసు. నంబరు పిలిచెయ్ పిన్నీ, ఎవరడుగుతారు అని గుసగుసలాడింది. సలహా బాగానే ఉంది. పంతమూ దక్కుతుంది, పనీ జరిగిపోతుంది.

గంట మోగింది. తెర మీద ఆ రెండక్షరాలు. నంబరు చదువుదామనే మైకు నొక్కింది, నోరు పెగల్లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లను పేరు కనుక్కుని మరీ పిలిచే మనిషి, కడుపున పుట్టినదాన్ని నంబరు పెట్టి పిలవడమా? సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. ఆ పేరు కూతురి నోట ఎలా ఉంటుందో తను ఏనాడూ విననైనా వినలేదు. విననిస్తే కదా, ఆ పిల్ల నోరు తెరిచినప్పుడల్లా తనే కయ్యిమని లేచేది.

మైకు ఆపి, అద్దాల గది తలుపు తీసుకుని, హాలు దాటి వెనక బెంచీ దాకా వెళ్లింది.

“నీ పేరు ఒకసారి చెప్పమ్మా. నీ నోట వినాలి” అంది.

కూతురు తలెత్తి చూసింది. “ఎగతాళి చేస్తున్నావా?”

“కాదే. తెలుసుకుని పిలుద్దామని.”

అందరూ చూస్తున్నారు. కూతురు మెల్లగా పేరు చెప్పింది. తల్లి అక్కడే నిలబడి పెదవులు కదిపింది. తర్వాత వెనక్కి వెళ్లి కూర్చుని, మైకు నొక్కి పిలిచింది. ఆ ముచ్చటైన గొంతులో, తొందరేమీ లేకుండా, రెండక్షరాలూ నిండుగా హాలంతా వినిపించాయి.

కూతురు కదల్లేదు. పిలిచారుగా, పద అంటూ మొగుడు చెయ్యి అందించాడు.

“ఉండండి” అంది, చున్నీతో కళ్లు ఒత్తుకుంటూ. “ఇంకోసారి పిలుస్తుందేమో.”