చాటుగా చేయించిన పూజ

ఓబయ్యను పిరికివాడని అన్నవాళ్ళు నంద్యాలలో గానీ ఆళ్ళగడ్డలో గానీ ఎవరూ లేరు. ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టిన మనిషి. ఒకసారి లారీ అడ్డదిడ్డంగా ఎదురొచ్చి మీద పడబోతే, బండిని జొన్నచేలోకి దించి, వెనక కూర్చున్న డాక్టరమ్మ ఒంటి మీద గీత కూడా పడకుండా కాపాడాడు. అంతటివాడు ఈ ఎండాకాలమంతా ఒక కారు కింద చెయ్యి పెట్టి చూసుకుంటూ, వేలికి కాస్త వేడి తగిలితే చాలు ఉలిక్కిపడుతూ బతికాడు. అన్నం సయించలేదు. భార్య రంగమ్మ ఏదడిగినా కసురుకున్నాడు. ఎందుకంటారా, చెప్తాను.

నంద్యాలలో పరంజ్యోతి డాక్టరమ్మ అంటే కాన్పుల డాక్టరు. సొంత నర్సింగ్ హోం ఉంది. సోమవారం, గురువారం ఆళ్ళగడ్డకు పోయి అక్కడి చిన్న క్లినిక్కులో పేషంట్లను చూసి వస్తుంది. ఓబయ్య ఆమె దగ్గర మొదటి నుంచీ డ్రైవరు. మూడేళ్ళ కిందట ఆడిటరు చెప్పాడని ఆమె ఒక పెద్ద కరెంటు కారు తీసుకుంది. కొనలేదు. హైదరాబాదు కంపెనీ ఒకటి నెలనెలా అద్దె కట్టించుకుని మూడేళ్ళకు లీజుకిచ్చింది. గడువు తీరాక, కావాలంటే మిగతా ధర కట్టి సొంతం చేసుకోవచ్చు, వద్దంటే తిరిగి ఇచ్చేయొచ్చు. చప్పుడు లేదు, పొగ లేదు, సీట్లయితే ఎక్కితే దిగబుద్ధి కాదు. అట్లాంటి కారు తన చేతికి వచ్చినందుకు ఓబయ్య వారం రోజులు నేల మీద నడవలేదు.

డాక్టరమ్మ క్రైస్తవురాలు. కారొచ్చిన రోజు పాస్టరుగారొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పోయాడు. ఓబయ్యకు ఆ ప్రార్థన మీద చిన్నచూపేమీ లేదు. కళ్ళు మూసుకుని ఆమెన్ కూడా అన్నాడు. కానీ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా, గుమ్మడికాయతో దిష్టి తియ్యకుండా కొత్త బండిని రోడ్డెక్కించడం అతని చేత కాదు. పాత డీజిలు బండికైతే ఆమె “నీ ఇష్టం ఓబయ్యా” అనేది. ఈసారి మాత్రం, “లీజు బండి. పసుపు కుంకుమ మరకలు పడితే వాళ్ళు ఊరుకోరు. ఏం చెయ్యొద్దు” అని గట్టిగానే చెప్పింది.

చెప్తే వినాలి కదా! రెండో వారం గురువారం నాడు డాక్టరమ్మ ఆళ్ళగడ్డ క్లినిక్కులోకి పోగానే, ఈ మహానుభావుడు కారు తీసుకుని అహోబిలం దోవలో ఊరి బయటున్న చిన్న ఆంజనేయస్వామి గుడికి పోయాడు. పూజారి హారతి ఇచ్చాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, “పోనియ్యప్పా ముందుకు” అన్నాడు. డీజిలు బండి అయితే ఉరిమి, వణికి, తీరిగ్గా కదులుతుంది. ఓబయ్య ఆ అలవాటుకొద్దీ కాలు గట్టిగా అదిమాడు. కారు చప్పుడు లేకుండా ఒక్క దూకు దూకింది. నిమ్మకాయలు చితికాయి. ఆ ముందర కొబ్బరికాయలు కొట్టే రాయి ఉంది. అది చక్రాల మధ్యకు వచ్చి, కారు కడుపు దాని మీద దడాలున పడింది.

ఓబయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. మెల్లగా వెనక్కి తీసి, నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోను లైటు వేసి చూశాడు. కింద రేకుకు అరచేతి వెడల్పున సొట్ట. కారు అప్పజెప్పిన రోజు షోరూం మనిషి చెప్పిన మాట చెవుల్లో గింగురుమంది. “సీట్ల కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా బ్యాటరీనే. దానికి దెబ్బ తగిలితే మాత్రం నడపొద్దు. వెంటనే ఫోన్ చెయ్యండి, లేకపోతే మంటలొచ్చే ప్రమాదం ఉంది.”

ఫోన్ చెయ్యలేదు. డాక్టరమ్మకూ చెప్పలేదు. వద్దన్న పని చేశాడు కదా, ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? రేపు చెప్దాం, ఆమె మంచిగా ఉన్నప్పుడు చెప్దాం అనుకున్నాడు. ఆ రేపు రాకుండానే మూడేళ్ళయింది.

కారు మాత్రం పల్లెత్తు మాట అనకుండా తిరిగింది. ఓబయ్యకే లోపల కుదురు లేదు. ఎక్కడో కరెంటు బండి రోడ్డు మధ్యలో భగ్గుమన్న వీడియో ఎవరో ఒకరు ఫోనులో పంపేవారు. అతను చూడకూడదనుకుంటూనే నాలుగుసార్లు చూసేవాడు. నంద్యాల ఎండలో కారు నిలబెట్టాలంటే వణుకు. చార్జింగు పెట్టినంతసేపూ పక్కనే కాపలా. “కారును ఎంత బాగా చూసుకుంటాడో” అని నర్సులు మెచ్చుకునేవారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా అతనికి సిగ్గుతో చచ్చిపోయినంత పనయ్యేది.

మే నెల మొదట్లో కంపెనీ ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చమన్నారు. తిరిగి ఇచ్చేటట్టయితే బండిని పైకి లేపి, కింద కూడా అంగుళం అంగుళం చూసి తీసుకుంటారట. ఆ సోమవారం ఆళ్ళగడ్డకు పోతూ డాక్టరమ్మ అడిగింది.

“కొందామా ఓబయ్యా, ఇచ్చేద్దామా? కొత్త స్కానింగు మిషనుకని పెట్టుకున్న దుడ్లు ఉండాయి. అవి దీనికి పెట్టాల. నాకు బండ్ల సంగతేం తెలుసు? నువ్వు కొనమంటే కొంటా, వద్దంటే వద్దు.”

“నేనేం చెప్తా మేడమ్, అంత పెద్ద ఇషయం” అని నీళ్ళు నమిలాడు ఓబయ్య.

“నువ్వు గాక ఇంకెవురు చెప్తారు? మూడేండ్లు నడిపినోడివి నువ్వు. ఆలోచన చేసి ఈ వారంలో చెప్పు.”

కొనమంటే, రేపు బ్యాటరీ పోయిందంటే ఆమె డబ్బంతా బూడిద. లేదా, ఇంకా ఘోరం, ఆమే కారులో ఉండగా అంటుకుంటుంది. ఇచ్చేయమంటే, కంపెనీవాళ్ళు లేపి చూస్తారు, సొట్ట బయటపడుతుంది, ఎట్లా అయిందని అడుగుతారు. ఓబయ్య ఆ రోజు శిరివెళ్ల దగ్గర మలుపు కూడా చూసుకోలేదు. వెనక బస్సువాడు హారన్ కొట్టి తిట్టి పోయాడు.

ఇంటికి పోయి రంగమ్మకు మొదటిసారి సంగతంతా చెప్పాడు. ఆమె చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది.

“ఎవురికన్నా చెప్పినావా?”

“లేదు.”

“చెప్పొద్దు. బిడ్డ సునీత చదువు ఇంగ రెండేండ్లుంది. ఈ వయసులో నీకెవురిస్తారు పని? కొనమని చెప్పు, మూడేండ్లు కానిది ఇప్పుడేమవుతాది?”

“ఒకవేళ అయితే?”

రంగమ్మ చేటలో బియ్యం మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

మర్నాడు ఓబయ్య ఆత్మకూరు రోడ్డులో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న బెన్నీ దగ్గరకు పోయాడు. బెన్నీ చెయ్యి పడితే మొండికేసిన ట్రాక్టరు కూడా కూతపెడుతుందని పేరు. అతను పడుకుని కారు కింద చూసి, అంతే వేగంగా బయటకు జరిగాడు.

“అన్నా, దీని మీద నేను రెంచీ పెట్టను. డీజిలుదైతే ఇప్పి చూపిస్తా. ఇది కరెంటుది, లోపలేముందో దేవునికెరుక. నువ్వు దీన్ని ఎట్లా నడుపుతాండావు?”

“నడుస్తాండాది గదా.”

“కాలేదాకా ఏదన్నా నడుస్తాది” అన్నాడు బెన్నీ చేతులు తుడుచుకుంటూ. ఓబయ్య అక్కడ టీ కూడా తాగకుండా వచ్చేశాడు.

ఇక ఆ రెండు రోజులూ అతను చేసిన పని ఏమీ లేదు, భయపడటం తప్ప. రోజూ పొద్దున్నే అద్దాలు తుడిచి, ముందు మూత ఎత్తి, అద్దం కడిగే నీళ్ళు నింపి, టైర్లు తట్టి చూసే మనిషి అవన్నీ మరిచిపోయాడు. వంగి కింద చెయ్యి పెట్టి వేడి చూసుకోవడమే సరిపోయింది.

గురువారం వచ్చింది. ఆళ్ళగడ్డ క్లినిక్కుకు మధ్యాహ్నం మానస అనే పిల్లను తీసుకొచ్చారు. తొలి చూలు, నెలలు నిండాయి, బీపీ ఎక్కడికో పెరిగిపోయింది. కాళ్ళు వాచి, కళ్ళు మసకలంటోంది. అంబులెన్సు ఇంకో కేసు మీద దూరం పోయింది, వచ్చేసరికి గంట పైన పడుతుంది. డాక్టరమ్మ ఆలోచించలేదు.

“ఓబయ్యా, కారు తలుపు కాడికి తీసకరా. మనమే నంద్యాలకు తీస్కపోతాండాం.”

ఓబయ్య నిజం చెప్పాలంటే అదే చెప్పాల్సిన క్షణం. నోరు తెరిచాడు కూడా. “తొందరగా!” అని డాక్టరమ్మ కేకేసింది. అతను నోరు మూసుకుని పోయి కారు తెచ్చాడు. పిల్లను వెనక సీటులో పడుకోబెట్టి, సెలైను సీసా పట్టుకుని డాక్టరమ్మ పక్కన కూర్చుంది. తల్లి ముందు సీటులో ముడుచుకుని కూర్చుని ఏడుస్తోంది.

బయట నిప్పులు చెరుగుతున్న ఎండ. ఓబయ్యకు దోవ కనబడటం లేదు. వెనక పడుకున్న పిల్ల వీపు కింద సీటు, సీటు కింద ఆ రేకు, రేకు మీద ఆ సొట్ట, అదే కనబడుతోంది. శిరివెళ్ల దాటాక ఒక స్పీడు బ్రేకరు ఎక్కి దిగారు. టింగుమని మోగింది. ఎదురుగా తెర మీద పసుపుపచ్చగా ఏదో గుర్తు వెలిగి, పక్కన ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది. మూడేళ్ళలో ఆ గుర్తును అతను ఒక్కసారి కూడా చూడలేదు. ఇంగ్లీషు చదవడం రాదు. అదే సమయానికి కాలుతున్న వాసన కారులోకి కొట్టింది.

అంతే, ఓబయ్య కారును రోడ్డు పక్కకు లాగి ఆపి, దూకి వెనక తలుపు తెరిచాడు.

“దిగండి! అందరూ దిగండి మేడమ్! కాలిపోతాది!”

“ఏందీ? ఏమైంది?”

“బ్యాటరీ మేడమ్! కింద దెబ్బ తగిలింది, నేనే తగిలించినా, మీకు చెప్పలేదు, పూజ చేపిద్దామని పోయినా, రాయి తగిలింది... దిగండి తల్లీ, మీ కాళ్ళు పట్టుకుంటా!”

ముందు సీటులో తల్లి గొల్లుమంది. మానస లేవబోయి మూలిగింది. డాక్టరమ్మ ఒక చేత్తో సీసా ఎత్తి పట్టుకునే, ముందుకు వంగి తెర మీది అక్షరాలు చదివింది. తల తిప్పి బయటకు చూసింది. రోడ్డు పక్క చేలో ఎవరో మిరపకట్టె కుప్పేసి తగలబెడుతున్నారు. పొగ ఇటే వస్తోంది.

“అద్దం కడిగే నీళ్ళు అయిపోయినాయని రాసినారు” అంది ఆమె.

ఓబయ్య తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

“ఎక్కు. ఈడ ఆగితే ఈ పిల్ల దక్కదు. కాలితే కాలుతాది, నువ్వు పోనీ.”

ఓబయ్య ఎక్కి, నంద్యాల చేరేదాకా మళ్ళీ ఎక్కడా ఆపలేదు.

రెండు గంటల తర్వాత డాక్టరమ్మ ఆపరేషను గదిలోంచి బయటకు వచ్చింది. ఓబయ్య వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చునే ధైర్యం చెయ్యలేదు.

“మొగబిడ్డ. తల్లీ బాగుంది” అని చెప్పి, కాసేపు అతని వంక చూసింది. “ఎన్నాళ్ళాయె ఆ దెబ్బ?”

“మూడేండ్లు మేడమ్. బండొచ్చిన కొత్తల్లో.”

“మూడేండ్లు. మా అమ్మను ప్రతి ఆదివారం చర్చికి దాంట్లోనే తీస్కపోయినావు.”

ఓబయ్య తల దించుకున్నాడు.

“ఒక మాట నిజం చెప్పు. నీకు దేనికి భయమైంది? మేము కాలిపోతామనా, నీ పని పోతాదనా?”

అబద్ధమాడదామని నోటి దాకా వచ్చింది. ఆమె కళ్ళలోకి చూశాక ఆడలేకపోయాడు.

“పని పోతాదని మేడమ్.”

డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఓబయ్యకు. తిట్టలేదు. లోపలికి పోయింది. అతను ఆటో ఎక్కి ఇంటికి పోయి, పని పోయిందనే రంగమ్మకు చెప్పాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు.

పని పోలేదు. మూడో రోజు ఆమే కబురు పెట్టింది. కంపెనీకి ఫోను చేసి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పిందట. వాళ్ళు బండిని లారీ మీద కర్నూలు తీసుకుపోయి, పైకి లేపి, అడుగు రేకు ఊడదీసి, రోజంతా ఏవేవో మిషన్లు పెట్టి చూశారు. డాక్టరమ్మా ఓబయ్యా వెంట పోయి బయట కాచుకున్నారు. చొక్కా మీద కంపెనీ బొమ్మ ఉన్న పిల్లోడు నవ్వుతూ బయటకు వచ్చాడు. సొట్ట బయటి రేకుకే. దానికీ బ్యాటరీకీ మధ్య బోలెడు సందుందట. లోపల చెక్కుచెదరలేదు. రేకు మారిస్తే చాలు.

“దీనికేనా మూడేళ్ళు భయపడ్డారు?” అన్నాడు ఆ పిల్లోడు. ఓబయ్య నవ్వాలో ఏడవాలో తెలియక, చివరికి అక్కడే బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. డాక్టరమ్మ కాగితాలు పూర్తిగా చదివి, కొంటానని సంతకం పెట్టింది. ఈసారి కొనాలా వద్దా అని అతన్ని అడగలేదు.

కారు ఇప్పుడు ఆమెదే. తర్వాతి సోమవారం పొద్దున ఓబయ్య కడిగిన కారును తెచ్చి నర్సింగ్ హోం ముందు ఆపి, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చింది. ఎక్కలేదు. బ్యాగు మెట్టు మీద పెట్టి, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, అరవై దాటిన మనిషి, కష్టపడి వంగి కారు కింద చూసింది. అటు పక్కకు పోయి అక్కడా చూసింది.

“నేను పొద్దున్నే చూసినా మేడమ్. ఏమీ లేదు” అన్నాడు ఓబయ్య.

“సరే” అంది ఆమె. అని, ఇంకోసారి వంగి చూసుకుని, అప్పుడు ఎక్కింది.