కొయ్యకాళ్ళ రెండెకరాలు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, శనగ విత్తే అదునులో, కమలాపురం దగ్గరి ఒక మండలానికి నన్ను వ్యవసాయాధికారిగా వేశారు. ఆ యేడు నాకప్పగించిన పని, దున్నకుండా విత్తే పద్ధతికి ఒక ప్రదర్శన క్షేత్రం పెట్టడం. అంటే రైతు పొలంలోనే కొంత భాగం కొత్త పద్ధతిలో వేయించి, పక్కన బోర్డు పాతాలి. కొర్ర కోశాక నేలలో మిగిలిన మొదళ్ళను, అంటే కొయ్యకాళ్ళను, అలాగే ఉంచి, వాటి మధ్యనే యంత్రంతో శనగ విత్తాలి.

ఒప్పుకున్నవాడు ఓబులేసు ఒక్కడే. అరవై దాటిన మనిషి, భార్య పోయింది, ఒక్కగానొక్క కూతురిని ఓర్వకల్లులో ఇచ్చాడు. ఐదెకరాల్లో మూడెకరాలు ఎప్పటిలాగే దున్ని, రెండెకరాలు నాకు వదిలాడు. రోడ్డు పక్కదే కావాలని పట్టుబట్టింది నేనే. నలుగురూ చూడాలని నా ఆరాటం. చూసి ఏమనుకుంటారో మాత్రం నా బుర్రకు తట్టలేదు.

ఆ పక్కల అదునులో చేను దున్నలేదంటే ఒకటే అర్థం, సేద్యగాడు మంచాన పడ్డాడని. ఊళ్ళోవాళ్ళు ఓబులేసును పరామర్శించడం మొదలుపెట్టారు. ఒకామె జావ కాచి తెచ్చింది. దున్నొద్దన్నది నేనని చెప్తే నాకు మాటొస్తుందని ఆయన నవ్వి ఊరుకున్నాడు, జావ కూడా తాగాడట.

విత్తే రోజు పొద్దున, యంత్రం చేలోకి దిగుతుండగా, కూతురు లక్ష్మీదేవి బస్సు దిగి గట్టు మీద పరుగెత్తుకొచ్చింది. మీ నాయన చేను బీడు పడిందని ఎవరో ఫోన్ చేశారట.

"నాయనా, యాడ నొస్తాండాది? నాకొక మాట చెప్పకపోతివే," అంది.

ఆయన నుదురు తడిమి చూసింది, చేతులు పట్టి చూసింది. నాకు శానా సిగ్గేసింది.

ఓబులేసు కొయ్యకాళ్ళ కింద చెయ్యి పెట్టి, పిడికెడు మట్టి తీసి ఆమె అరచేతిలో పోశాడు.

"సూడమ్మా, పదును ఎట్లుండాదో. నేను బాగుండా. చేను గూడా బాగుండాది."

దున్నిన మూడెకరాల్లో అప్పటికే పైమట్టి ఆరిపోయింది. ఆమె ఆ తడిమట్టిని వదలకుండా పట్టుకునే ఏడ్చింది.

ఆ రెండెకరాల్లో కలుపు ఎక్కువే వచ్చింది. దిగుబడి దున్నినదానితో సమానం, అంతే. రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. మరుసటి యేడు ఓబులేసు ఇంకో ఎకరం కలిపాడు, అదీ కూతురితో మాట్లాడాకే.

ఆ తర్వాత ఏ రైతుకు ఈ పద్ధతి చెప్పినా, మట్టి సంగతి కన్నా ముందు, వేరే ఊళ్ళో ఉన్న పిల్లల సంగతి అడిగేదాన్ని. మా ఫారంలో దానికి కాలమ్ లేదు. పక్కనున్న ఖాళీలో పెన్నుతో రాసుకునేదాన్ని: కూతురికి చెప్పారా?