పూతకొచ్చిన తుమ్మి

తుమ్మి మొక్కను ఎవరూ నాటరు. పీకుతారు. సాలమ్మ కూడా పెళ్ళయి అలియాబాద్‌కు వచ్చిన నాటి నుంచీ దాన్ని పీకుతూనే బతికింది. తొంభైల్లో మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్షతోటలే. నాలుగు చినుకులు పడితే చాలు, పందిళ్ళ కింద తుమ్మి మోకాలెత్తు లేచేది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని వేళ్ళతో సహా లాగి గట్టున పారేసేవాళ్ళు. ఇంటికొచ్చి స్నానం చేసినా చేతులకు ఆ ఘాటు వదిలేది కాదు. ఒక్క వినాయక చవితి ముందురోజు మాత్రం, పీకిన మొక్కల లేత కొసలు తుంచి కొంగున మూట కట్టుకునేవాళ్ళు. చవితినాడు తుమ్మికూర నోట్లో పడకపోతే ఆ ఊరికి పండగే కాదు. మర్నాడు మళ్ళీ అది కలుపే.

అలాంటి సాలమ్మ రెండువేల నాలుగు వానాకాలంలో, తూంకుంట కాలనీలో తాను పనిచేసే ఇంటి పెరట్లో, తుమ్మికి మడి కట్టి విత్తనం చల్లింది. నలుసంత గింజలు. కుప్పగా ఒకచోటే పడకుండా ఇసుకలో కలిపి చల్లింది. చెంబుతో పోస్తే కొట్టుకుపోతాయని చేత్తో నీళ్ళు చిలకరించింది. పక్కింటి పనిమనిషి గోడ మీంచి చూసి పకపకా నవ్వింది.

"ఏందే సాలమ్మా, గడ్డికి మడి గడ్తున్నవు? రేపు పల్లేరుకాయలకు పందిరేస్తవా?"

"ఏస్త. నా మొగడు తింటనంటె పల్లేరుకాయలకు గూడ ఏస్త."

ఎదుటామె నవ్వు అక్కడితో ఆగిపోయింది. సాలమ్మ సరసానికి అనలేదని ఆమెకు అర్థమైంది.

సాలమ్మ మొగుడు గండయ్య శామీర్‌పేట చెరువులో వల వేసి బతికినవాడు. వానలు మొహం చాటేసి చెరువు అడుగంటిన ఏడు, వలను చూరులో దోపి, జీడిమెట్ల కెమికల్ కంపెనీలో డ్రమ్ములు కడిగే పనికి పోయాడు. ఏ డ్రమ్ములో ఏముండేదో ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. అడిగినవాణ్ణి రేపటి నుంచి రావద్దంటారు. మొదట వాసన పోయింది. "సేపల కంపు తెల్వని సేపలోడివి లోకంల నువ్వొక్కనివే" అని తోటివాళ్ళు ఆట పట్టిస్తే తనూ నవ్వాడు. తర్వాత రుచి పోయింది. అప్పుడు నవ్వు రాలేదు. బువ్వ మట్టిలా ఉందనేవాడు, పులుసు నీళ్ళలా ఉందనేవాడు, కంచం తోసేసేవాడు. నిండు మనిషి వెదురుబద్ద అయ్యాడు. దాని వెనకే దగ్గు పట్టుకుంది. పొద్దు వాలితే జ్వరం.

కిందటి చవితికి సాలమ్మ ఆనవాయితీ కోసం రొట్టెలో ఇంత తుమ్మికూర పెట్టి ఇచ్చింది. తింటాడన్న ఆశ లేదు. గండయ్య ఒక ముక్క నమిలి ఆగాడు.

"సేదు తెలుస్తాంది," అన్నాడు.

"ఏంది?"

"సేదే. నాలిక మీద. నిజంగ తెలుస్తాంది సాలీ."

రొట్టె మొత్తం తిన్నాడు. సాలమ్మ ఇంకోటి కాల్చింది. అదీ తిన్నాడు. ఆ తర్వాత ఆమె కళ్ళు రోడ్డు మీద లేవు, గట్ల మీదే. కానీ తుమ్మి ఎక్కడుంది? తోటలు నరికి ప్లాట్ల రాళ్ళు పాతారు. మిగిలిన నాలుగు తోటల్లో కలుపు తీసేవాళ్ళు పోయి కలుపుమందు వచ్చింది. ఎన్ని చోట్ల తిరిగినా పిడికెడు దొరకడం గగనమైంది. అందుకే ఆ శీతాకాలం ఎక్కడో రాళ్ళ సందున ఎండి నిలబడ్డ తుమ్మి గుత్తుల్ని దులిపి గింజ దాచుకుంది.

ఆమె పనిచేసే ఇల్లు వెంకటరామయ్యది. బ్యాంకు ఉద్యోగం, తణుకు వైపు మనిషి. ఆయన భార్య శేషారత్నం మొక్క అంటే ప్రాణం పెడుతుంది. పెరట్లో ఓ మూల తుమ్మి వేసుకుంటానని సాలమ్మ అడిగితే ఆవిడ మొహం విప్పారింది.

"తుమ్మి మొక్కా? అడగాలిటే, వేసుకో! తుమ్మిపూలంటే శివుడికి మహా ఇష్టం. కార్తీకంలో పూలు మాత్రం నావి, ముందే చెప్తున్నాను."

"పువ్వులన్ని నీవేనమ్మా. నాకు ఆకు సాలు."

ఇద్దరూ సంతోషంగా ఒప్పుకున్నారు. ఒకామెకు తుమ్మి అంటే ఆకు, ఒకావిడకు తుమ్మి అంటే పువ్వు. ఆకు పోతే పువ్వెక్కడ నుంచి వస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. శేషారత్నం ఊళ్ళో దాన్ని వండుకోరు. సాలమ్మ ఊళ్ళో దాన్ని పూసేదాకా ఉంచరు.

మొక్కలు దట్టంగా లేచాయి. సాలమ్మ రోజూ పని అయ్యాక లేత కొసలు తుంచుకుపోయేది. ఉడకబెట్టి, గట్టిగా పిండి, చేదు నీళ్ళు పారబోసి, పెసరపప్పు, చింతపండు, ఎల్లిపాయ వేసి వండేది. గండయ్య తిన్నాడు. కడుపునిండా కాదు, బతికేంత. చవితి దాటాక దవాఖానలో తెమడ పరీక్ష చేసి క్షయ అని తేల్చారు. వారానికి మూడుసార్లు గోళీలు, వాళ్ళ కళ్ళ ముందే మింగాలి, ఆరు నెలలు తప్పకూడదు. తుమ్మికూర తిని పోయి మింగి వచ్చేవాడు. సాలమ్మ ఈ సంగతి కాలనీలో ఎవరి చెవినా వేయలేదు. టీబీ ఇంటి మనిషి చేత గిన్నెలు ఎవరు తోమించుకుంటారు? ఆకు ఎందుకే అని శేషారత్నం అడిగితే జలుబుకు అని చెప్పింది.

కార్తీకం వచ్చింది. మొదటి సోమవారం శేషారత్నం వెండి పళ్ళెం పట్టుకుని తలస్నానం తడితో మడి దగ్గరకు వెళ్ళింది. మొక్కలు గుబురుగా, మొండిగా, అడ్డంగా పెరిగి ఉన్నాయి. వెతికితే నాలుగు పూలు.

"సాలమ్మా! ఇదేవిటి, కొసలన్నీ తుంచేశావా?"

"ఆకే కదమ్మా తెంపిన. పువ్వు ముట్టలే."

"కొస తుంచితే పువ్వు ఎక్కడ పూస్తుందే, నా నెత్తి మీదా?"

 కలుపు మొక్క కదా, ఎంత తుంచినా దాని పని అది చేసుకుపోతుంది అనుకుంది సాలమ్మ. ద్రాక్షతోటలో అది ఎప్పుడూ అలాగే చేసింది.

శేషారత్నం తిట్టలేదు. గట్టు మీద కూలబడి ఏడ్చింది. కూతురు శ్రీలేఖకు రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు ఐదో నెల. కొన్నవి కాకుండా, అడిగి తెచ్చినవి కాకుండా, తన ఇంటి మట్టిలో పూసిన తుమ్మిపూలతో కార్తీక సోమవారాలన్నీ పూజ చేస్తానని మొక్కుకున్నానంది.

"ఈ నెల గడిచేదాకా కొస ముట్టుకోకు సాలమ్మా. నీకు దణ్ణం పెడతాను. తర్వాత మడంతా నువ్వే కోసుకుపో."

జలుబుకని చెప్పిన మనిషి ఇప్పుడు ఏమని బతిమాలుతుంది? "సరేనమ్మా" అంది.

ఆ రోజు గండయ్య ముందు పప్పు పెట్టింది. ముట్టలేదు. కాకరకాయ తెచ్చి వండింది. "నోట్ల ఏందో వడ్తున్నది, పోతున్నది, సేదు తెలుస్తలేదు" అని రెండు ముద్దలకు లేచాడు. మెంతులు నూరి పెట్టింది. ఖాళీ కడుపున గోళీలు మింగి, దవాఖాన గేటు దాటకుండానే కక్కుకున్నాడు. మళ్ళీ వంతు వచ్చిన రోజు పోతున్నానని చెప్పి పోలేదు. చెరువు కట్ట మీద కూర్చుని వచ్చాడు. ఆ తర్వాతి వంతుకూ అంతే. దవాఖానలో గోళీలిచ్చే దుర్గాబాయి చూసి చూసి ఇంటికే వచ్చింది.

"గండయ్య మామా, దాక్కుంటే బీమారి గూడ దాక్కుంటదనుకున్నవా?"

"కక్కుడే పనైంది బిడ్డా. పేగులు బయటికొస్తున్నయి."

"తినకుంట ఎట్ల ఆగుతయి? ఇగ గిట్ల ఎగ్గొడితే మళ్ళ మొదటి నుంచి. గప్పుడు సూదులు గూడ పడ్తయి. నీ ఒంట్ల సూది గుచ్చనీకి కండ ఉన్నదా, సూపియ్యి."

గండయ్య తలకాయ దించుకున్నాడు. దుర్గాబాయి సాలమ్మను వాకిట్లోకి పిలిచింది. గొంతు తగ్గించింది.

"అత్తా, రేపు పొద్దుగూకినంక గోళీలు నేనే తెస్త. గా లోపల మామ కడుపుల ఏమన్న పడేటట్టు జెయ్యి. ఏం జేస్తవో నాకు తెల్వది."

తెల్లారి సాలమ్మ పనికి పోలేదు. మేడ్చల్ దారిలో ఆమెకు తెలిసిన తోట ఒకటి ఇంకా మిగిలి ఉంది. నడిచింది. దొరికింది కూడా. కంచె వెంట తుమ్మి, నడుమెత్తు. పరుగున పోయి వంగి చూస్తే ఆకుల మీద నీలం చారలు. ద్రాక్షకు కొట్టిన మైలుతుత్తం అంతా కారి తుమ్మి మీద పడింది. కొంగుతో తుడిచింది. పోలేదు. కాలువలో ముంచి రుద్దింది. వేళ్ళు నీలమయ్యాయి. ఇంకాస్త రుద్దితే పోతుందేమో అని మరో కొస తుంచింది. కానీ ఈ మందు పిచికారీ చేసిన రోజుల్లో తోటలో మేకలు నురగలు కక్కి పడటం ఆమె కళ్ళారా చూసింది. "నా చేత్తోని నేనే పెడ్తనా?" అని పైకే అనుకుని, తుంచినదంతా కాలువలో విదిలించింది. కాలువ గట్టున కూర్చుని నోరారా తిట్టింది. తోటను తిట్టింది, జీడిమెట్లను తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, చివరకు పూలకోసం తన చేయి ఆపిన దేవుణ్ణి తిట్టింది. తిట్టి లెంపలేసుకుంది.

అక్కణ్ణుంచి ఆటో పట్టుకుని తూంకుంట వచ్చేసరికి ఎండ నడినెత్తి దిగింది. వెనక గేటు తీసుకుని పెరట్లోకి పోయింది. ముట్టుకోని ఆ కొద్ది రోజుల్లోనే తుమ్మి తేరుకుంది. ప్రతి కొసకూ ఆకుపచ్చ గుండీల్లాంటి మొగ్గలు. కొన్నిట్లోంచి తెల్లగా పూరేకు తొంగి చూస్తోంది. సాలమ్మ చేయి కొస దాకా పోయింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది కూడా. తుంచితే ఒక కూర. తుంచితే ఎవరి కడుపులోనో ఉన్న పసిగుడ్డు. తుంచకపోతే గండయ్య.

వేళ్ళు కిందికి జారాయి. జారిన చోట, కాండం అడుగున, ముదురాకులు ఉన్నాయి. పురుగు తిని చిల్లులు పడ్డవి, అంచులు పసుపెక్కినవి. పూత పట్టిన తుమ్మి ఆకు ఎవరూ వండరు. చేదు గొంతు దిగదు. ఆ మాట తల్లి చెప్పింది, అత్త చెప్పింది, తనూ పదిమందికి చెప్పింది.  అయినా సాలమ్మ కాండం పట్టి కిందినుంచి దూసేయడం మొదలుపెట్టింది.

"ముట్టుకోవద్దన్నానా!" వెనక నుంచి శేషారత్నం కేక.

"కొస ముట్టలేదమ్మా. సూడు. ఒక్క మొగ్గ గూడ రాలలే. అడుగు ఆకు తీస్కుంటున్న."

శేషారత్నం దగ్గరకు వచ్చి మొక్క మొక్కా వంచి చూసింది. "ఈ ముదురాకు పశువులు కూడా తినవు. ఎవరికే ఇది?"

"నాలిక సచ్చినోనికి."

అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది. డ్రమ్ముల నుంచి దుర్గాబాయి దాకా మొత్తం చెప్పేసింది. టీబీ అన్న మాట దగ్గర శేషారత్నం చేయి తనకు తెలియకుండానే కొంగును మూతి మీదికి తెచ్చుకుంది. అది సాలమ్మ చూసింది. సాలమ్మ చూసినట్టు ఆవిడా చూసింది.

"ఇన్నాళ్ళూ మా గిన్నెలు..." అని ఆగింది శేషారత్నం.

"తోమిన. ఇగ రావొద్దంటె రాను. గీ ఆకొక్కటి తీస్కపోనియ్యమ్మా, నీ కాళ్ళు మొక్కుత."

శేషారత్నం దూసిన ఆకు కేసి, మొగ్గల కేసి చూసింది. "గిన్నెల సంగతి తర్వాత చూద్దాం," అంది చివరకు, కొంగు దించకుండానే. "మొక్క కదలకుండా పట్టుకుని తియ్యి. పూత రాల్చావంటే ఊరుకోను." అక్కడే గట్టు మీద కూర్చుంది, చివరి ఆకు తీసేదాకా.

ఇంటికొచ్చి సగం ఆకు మూటకట్టి దాచి, పొయ్యి అంటించింది సాలమ్మ. ఉడికాక పిండితే గుప్పెడు కూడా మిగలదు. పిండలేదు. చేదు నీళ్ళతోనే పప్పులో కలిపేసింది. దుర్గాబాయి గోళీల పొట్లంతో గడప లోపల వెదురు మోడా మీద కూర్చుంది. సాలమ్మ రొట్టె మీద కూర వేసి గండయ్య ముందుంచి, తలుపు పట్టుకుని నిలబడింది.

గండయ్య ముక్క నమిలాడు. ఆగాడు. మొహం చిట్లించాడు. 

"ఉప్పెక్కువేసినవ్," అన్నాడు.

"ఏంది?"

"ఉప్పే. సెయ్యా అది, చాటా? గింత ఉప్పేస్తరా కూరల?"

సాలమ్మ ఉప్పు మామూలుగానే వేసింది. మొగుడు అట్లా వంకపెట్టి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. "ఏస్తరు. తిను," అంది. 

"గంతగనం ఏమున్నదత్తా దాంట్ల," అని దుర్గాబాయి కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది. పెట్టుకోవడమే ఆలస్యం, వాకిట్లోకి ఉరికి తుపుక్కున ఉమ్మింది. "అవ్వో! విషమే నయం! మామా, నువ్వు మనిషివేనా?" బిందెలో నీళ్ళు తాగి తాగి ఇంకా మూతి తుడుచుకుంటూనే ఉంది.

గండయ్య రొట్టెలో సగం దాటాడు. ఇంకో రెండు ముక్కలు తిని ఇక చాలన్నాడు. దుర్గాబాయి గోళీలు ఒక్కొక్కటిగా చేతిలో పెట్టింది. ప్రతి గోళీకీ గొంతులో ముడి పైకి లేచి కిందికి దిగింది.  గండయ్య ఒకసారి కడుపు పట్టుకుని ముందుకు వంగాడు. సాలమ్మ మట్టి చిప్ప అందుకుంది. అతను చిప్పను చేత్తో పక్కకు నెట్టి, గోడకు ఆనుకుని, నోరు గట్టిగా మూసుకుని, ముక్కుతో ఊపిరి పీల్చాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

కక్కలేదు.

"ఎల్లుండి మళ్ళ వస్త," అంది దుర్గాబాయి లేస్తూ. "ఎల్లుండికి ఉన్నదా ఆకు?"

సాలమ్మ లోపలికి పోయి, దాచిన ఆకుల మూట విప్పి చూసింది. ఒక పూటకు సరిపోతుంది. సరిపోవాలి.