మా మేనత్త గొంతున్న ఎలుగుబంటి

మా చిన్నప్పుడు గద్వాలలో మా ఇంట్లో ఉన్న బొమ్మలన్నిటికీ గొంతు ఒక్కరిదే... మా మేనత్తది.

అత్త రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టేది. చీర పేలికలతో చేసిన నా బొమ్మను పక్కన పెడితే చాలు, చేతులు ఆపకుండానే దాని తరఫున మాట్లాడేది. మాట్లాడితే మాట్లాడింది... నా గుట్టంతా బయటపెట్టేది.

"ఓ వదినా, డబ్బాల పల్లీలు ఎవరు బుక్కిన్రో నాకు ఎర్కనే" అనేది బొమ్మ. అమ్మ వచ్చి నా వీపు విమానం మోత మోగించేది. నా కోపమంతా బొమ్మ మీదే, అత్త మీద కాదు!

ఒకసారి ఒళ్లు మండి బొమ్మ మూతికి జరీ పోగు చుట్టి ముడేశాను. అంతే... అత్త దాని తరఫున ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడలేదు. ఎంత బతిమాలినా, "నోరు గట్టినంక ఎట్ల మాట్లాడ్తది? నన్నడుగుతవేంది?" అనేది. విసుగొచ్చి నేనే ముడి విప్పాను.

పెళ్లయి హైదరాబాద్ వెళ్లాక అత్తకు అదే పనైంది... నొక్కితే మాట్లాడే బొమ్మలకు గొంతివ్వడం. ఇదీ ఒక ఉద్యోగమేనంటే మా చుట్టాలెవరూ నమ్మలేదు. నమ్మడానికి ఆధారం ఏదీ? డబ్బా మీద బ్యాటరీల సంగతి రాస్తారు గానీ, గొంతు ఎవరిదో రాయరు కదా...

పోయిన ఏడాది అత్త గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు గానీ, మాట గుసగుసగా మాత్రమే మిగిలింది.

మా పాపకు అత్త అసలు గొంతు వినిపించాలని నాకు ఒకటే పట్టుదల. ఆమె గొంతిచ్చిన ఎలుగుబంటి బొమ్మ కోసం వనపర్తి, కొత్తకోట, నాగర్‌కర్నూల్ దుకాణాలన్నీ తిరిగాను. "గవి ఇప్పుడొస్తలేవన్నా. అన్నీ మిషన్ గొంతులే" అన్నాడు ఒక దుకాణదారు. చివరికి బిజినేపల్లిలో చుట్టాల ఇంట్లో అటక మీద దొరికింది.

పాపనూ బొమ్మనూ అత్త దగ్గరికే తీసుకెళ్లి, కొత్త బ్యాటరీలు వేసి పొట్ట నొక్కాను. "హాయ్, నేను నీ స్నేహితుణ్ణి. మనం ఆడుకుందామా?" చక్కెర పాకంలో ముంచి తీసినట్టుంది ఆ గొంతు... మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. ఎన్నిసార్లు నొక్కినా అందులో మా అత్త లేదు. చిరాకెత్తిపోయింది.

అత్త నా చెయ్యి పట్టుకుని ఆపి గుసగుసగా అంది... "ఊకో కొడుకా. గది వాళ్లు మాట్లాడుమన్న గొంతు. నాది మీ బొమ్మలకే ఇచ్చిన."

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా మాట్లాడే బొమ్మలే... చేతిలో ఫోను కూడా మాట్లాడుతుంది. నా ఫోన్‌లో తిన్న ప్రతి బిర్యానీకీ ఫొటో ఉంది. అత్త కండెలు చుడుతూ మాట్లాడిన మాట ఒక్కటీ లేదు.

మీ బొమ్మల తరఫున మీ ఇంట్లో ఎవరు మాట్లాడేవారు? కామెంట్లు తర్వాత రాయొచ్చు... ముందు వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడించండి. రికార్డు నొక్కడం మాత్రం మరవకండి.