సంతోషమ్మ గారి తాలూకు

ఓట్స్ జావ అడుగంటిన వాసన వస్తే నాకు మోరాగ్ ఆంటీ వంటగది గుర్తొస్తుంది. ఈ ఉదయం, ఈ పరాయి దేశంలో మేముండే ట్రుగనీనాలో, మా ఇంట్లో అదే వాసన వచ్చింది. ఆవిడ నేర్పినట్టే నేను జావలో చక్కెర వేయను, ఉప్పు వేస్తాను. "అంబలి తాగడానికా ఇంత దూరం వచ్చింది?" అంటుంది మా ఆవిడ. నవ్వి ఊరుకుంటాను గానీ, గిన్నె గోకుతున్నంతసేపూ ఒక పాత కోపం కూడా అడుగున అంటుకునే ఉంటుంది. మోరాగ్ ఆంటీ గురించి రాస్తానని మన తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ సంచికవాళ్ళను ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాను. మొదట పేజీలు నిండిపోయాయన్నారు. తర్వాత, క్రిస్మస్ సంచికలో ఇలాంటివి బాగుండవన్నారు. చివరికి ఒకరు, "ఆవిడ మనవాళ్ళు కాదు కదా బ్రదర్" అన్నారు. ఎవరన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో గుర్తుంది, పేరు మాత్రం రాయను. ఇప్పటికి పేజీ దొరికింది కనుక ఆవిడ మనవాళ్ళెలా అయ్యారో చెబుతాను.

మాస్టర్స్ చదివే రోజుల్లో, ఇదే నగరానికి మరో చివరనున్న క్రాన్‌బర్న్‌లో ఆవిడ ఇంటి వెనకగదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ తాతముత్తాతలు స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ళు. బతుకంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. ఎవరితో మాట్లాడినా వెనకసీటువాళ్ళకు కూడా వినిపించాలన్నట్టు మాట్లాడేది. నా పేరు జయపాల్ అని చెబితే, "అంత పొడుగు పేరు బోర్డు మీద పట్టదు, జే అంటాను" అంది. ఆంటీ అని పిలిస్తే, "నాకు మేనల్లుళ్ళెవరూ లేరే" అంది. మర్నాటి నుంచి ఆంటీ అని పిలవడం మరిచిపోతే మాత్రం పలికేది కాదు.

మా కథ ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. ఆ పొద్దున నేను ఫెలోషిప్‌కు వెళ్ళాను. ఆరాధన అయ్యాక స్కూలు హాల్లో అందరం బిర్యానీ తింటున్నాం. ఒక పెద్దంకుల్ నా పక్కకు వచ్చి, "మీదేవూరు బాబూ? ఎవరి తాలూకు?" అని అడిగారు. ఊరు చెప్పాను, నాన్న తరఫు చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది.

"మరి అమ్మగారి సైడు? తాతగారి పేరేంటి, నాకు తెలిసుండొచ్చు."

"తెలీదంకుల్. అమ్మమ్మ పేరు సంతోషమ్మ."

"అమ్మమ్మ పేరు కాదయ్యా, తాత పేరు. తెలీకపోవడమేంటి, ఆకాశంలోంచి ఊడిపడ్డారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన ప్లేటులో అప్పుడు రెండు లెగ్ పీసులున్నాయి. నాకు అదీ గుర్తుంది. ఆయనకు తెలియని సంగతి ఇది. మా అమ్మమ్మకు పెళ్ళి కాకుండానే మా అమ్మ పుట్టింది. ఊరి సంఘంలో పెద్దలు ఆమెను పిలిపించి తండ్రెవరని అడిగారు. ఆమె చెప్పలేదు. ప్రభువు బల్లలో ఆమెను పాలుపంచుకోనివ్వడం ఆపేశారు. రొట్టె, ద్రాక్షరసం అందరికీ ఇచ్చే వేళ ఆమె గుమ్మం దగ్గర చివరి చాప మీద కూర్చునేదట. అలాగే బతికి, అలాగే పోయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. చెప్పుకునేవారంటే, అమ్మ ఒక్కసారి చెప్పి మళ్ళీ ఎత్తవద్దంది.

నేను ఇంటికొచ్చి తలుపు గట్టిగా వేసినట్టున్నాను. "ఎవరు పోయారు జే?" అని వంటగదిలోంచి అరిచింది ఆంటీ. పోయిందెవరో, ఎలా పోయిందో అంతా చెప్పేశాను. అమ్మకు తెలిస్తే చంపేస్తుందనుకుంటూనే చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు. "రా, నీకొకామెను పరిచయం చేస్తాను" అని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

తెర మీద స్కాట్లండ్‌లో ఏదో పల్లె చర్చి బాప్తిస్మాల పుస్తకం, ఫోటో తీసిన పేజీ. పురుగులు పాకినట్టున్న పాత రాత. ఆంటీ వేలుపెట్టి చూపించింది. ఎల్స్‌పెత్ అనే పనిపిల్లకు పుట్టిన ఆడబిడ్డ, పక్కన 'పాపమందు పుట్టినది' అని అర్థం వచ్చే మాట. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎల్స్‌పెత్ ఆవిడకు అమ్మమ్మలకు అమ్మమ్మ. ఊళ్ళోంచి తరిమేస్తే బిడ్డనెత్తుకుని ఓడెక్కి ఈ దేశం వచ్చిందని వాళ్ళింట్లో చెప్పుకునేవారట. "నేను ఇలాంటి పుస్తకాలు ఎన్ని తిరగేశానో. ఆ బిడ్డ తండ్రి పేరెక్కడా లేదు. తరిమేసిన మాట మటుకు నిజమే అనుకుంటా" అంది.

"ఆంటీ, బాప్తిస్మాల పుస్తకంలో అదంతా ఎందుకుంటుంది? పెద్దల మీటింగు పుస్తకంలో ఉంటుంది" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. నాకది గొప్ప విద్యేమీ కాదు, మా ఊరి సంఘంలో పుట్టి పెరిగినవాడెవడికైనా తెలుస్తుంది. బిడ్డకు బాప్తిస్మం కావాలంటే ముందు తల్లి పెద్దల ముందుకు రావాలి. అడిగిందీ చెప్పిందీ సెక్రటరీ రాసుకుంటాడు. ఎంత దూరమైనా పెద్దలు పెద్దలే కదా అనుకున్నాను. నిజంగానే అక్కడి చర్చీల్లోనూ పెద్దల సభలుండేవి, వాటి పుస్తకాలు కూడా ఈమధ్యే కంప్యూటర్లోకి వచ్చాయి. కాకపోతే వాటిలో పేరుపెట్టి వెతికే వీలులేదు, ప్రతి పేజీ చదవాల్సిందే.

అప్పటినుంచి ప్రతి ఆదివారం 'ఆర్వో' మాకదే పని. ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం. ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివేది, నేను కాగితం మీద రాసేవాణ్ణి. ఎంతమంది ఆడవాళ్ళనో పిలిపించారు, పేరు చెప్పమని ఎంతగానో గద్దించారు. పేరు చెప్పాక కూడా కొన్ని ఆదివారాలు ఆరాధనలో అందరి ఎదుట నిలబెట్టేవారు. మధ్యలో ఆవిడ బస్సు డ్రైవరు తిట్లు తిట్టేది. నేను అవి రాయలేదు.

చివరికి ఎల్స్‌పెత్ దొరికింది. పెద్దలు అడిగారు, ఆమె పేరు చెప్పలేదు. మళ్ళీ అడిగారు, చెప్పలేదు. ఆమె మొండితనాన్ని తప్పుపడుతూ రాసి సభ ముగించారు. ఆంటీ కంప్యూటర్ మూసేసింది. "అంతే. చివరి స్టాపు. అందరూ దిగండి" అంది. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"అది చివర కాదాంటీ. పెద్దల మీటింగులో ఏదీ ఒక్కరోజులో తేలదు. మా ఊళ్ళో మైకు సెట్టు కొనడానికే ఏడాది వాయిదాలేశారు."

"ఇంకా ఏముంటుంది జే? ఇంకా తిట్టి ఉంటారు. అది నేను చదవాలా?"

తర్వాతి ఆదివారం ఆవిడ తోటపని ఉందంది. ఆపై వారం మోకాలు నొప్పంది. నా సంగతి మీకు తెలుసు, నేను వదిలే రకం కాదు. టీ పెట్టినప్పుడల్లా అడిగాను. "నీ అంత విసిగించే ప్యాసింజరును జీవితంలో ఎక్కించుకోలేదు" అని తిట్టి, ఒకరోజు తనే వచ్చి కూర్చుంది.

పేజీలు తిప్పాం. వాయిదా, మరో వాయిదా. ఒక సభలో ఎల్స్‌పెత్ చివరికి పేరు చెప్పింది. ఆమె పనిచేసే పొలంలోనే నాగలి పట్టి దున్నే కుర్రాడు, అప్పటికే ఊరొదిలి పోయాడు. ఆమె ఒక్కతే ఆరాధనలో నిలబడింది. ఆ తర్వాత ఇంకో పేజీలో ఆంటీ గొంతు నెమ్మదించింది. ఎల్స్‌పెత్‌ను నింద నుండి విడిపించామనీ, తిరిగి బల్లకు చేర్చుకున్నామనీ, బిడ్డకు బాప్తిస్మం ఇవ్వవచ్చుననీ రాసి ఉంది.

నాకు ఇంకోటి తట్టింది. "ఊరొదిలి వెళ్ళేటప్పుడు మా దగ్గర పాస్టరుగారి చేత ఉత్తరం రాయించుకుంటారు ఆంటీ, కొత్త ఊళ్ళో చేర్చుకోవాలంటే అది కావాలి. ఆమె ఓడెక్కిన ఏడాది చూద్దాం." చూశాం. ఎల్స్‌పెత్ వలస పోతున్నందున ఉత్తరం ఇచ్చామనీ, ఆమె నడతపై ఏ ఆక్షేపణా లేదనీ ఒకే ఒక్క వాక్యం ఉంది.

"తరమలేదు," అంది ఆంటీ. "ఉత్తరం పుచ్చుకుని, తలెత్తుకుని ఓడెక్కింది." ఆ తర్వాత ఆవిడ నవ్వింది. బస్సు ఇంజను ఆగినప్పుడు వచ్చే పెద్ద నిట్టూర్పు లాంటి నవ్వు. నాగలి కుర్రాడి పేరు కూడా దొరికింది కదా, రాసుకోవద్దా అని నేనడిగితే, "రాద్దాంలే, వాడికేం తొందర" అంది.

ఆ సాయంత్రమే అమ్మకు ఫోన్ చేశాను. ఎత్తవద్దన్న సంగతి ఎత్తినందుకు తిడుతుందనుకున్నాను. అంతా విని, "తెల్లోళ్ళకీ ఈ బాధలున్నాయంట్రా?" అంది.

"ఉన్నాయమ్మా. కాకపోతే ఆమెను మళ్ళీ చేర్చుకున్నారు."

అటునుంచి అమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది. తర్వాత అమ్మ అంది: "ఒరే చిన్నా, నా చిన్నప్పుడు ఒక ఈస్టరుకి మా అమ్మ ముందుకెళ్ళి మోకరించింది. తిరిగొచ్చాక నేను ముద్దుపెట్టుకుంటే నోటి దగ్గర ద్రాక్షరసం వాసనొచ్చింది. అందరూ కలగన్నావే అన్నారు. నేనూ కలే అనుకున్నా ఇన్నాళ్ళూ."

"కలలో వాసన రాదమ్మా."

"రాదు గదా," అంది అమ్మ. ఆమె గొంతు అంత తేలికగా ఉండగా నేను అంతకుముందు వినలేదు. మర్నాడు మళ్ళీ తనే ఫోన్ చేసి, ఆ రోజు అమ్మమ్మ కట్టుకున్న చీర అంచు రంగు కూడా చెప్పింది.

మా ఊరి సంఘానికి ఉత్తరం రాయాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. జరిగిన అవమానాలన్నీ వరసగా పెట్టి రాసి ఆంటీకి చదివి వినిపించాను. లెగ్ పీసులు కూడా అందులో ఉన్నాయి. ఆవిడ ఓపిగ్గా విని, "బస్సులో కంప్లయింట్లు నేను బోలెడు చూశాను జే. కథంతా రాసినవాడికి సారీ అని ఒక కార్డు వస్తుంది. ఒక్క ప్రశ్న రాసినవాడికి జవాబు ఇవ్వక తప్పదు. ఒక్కటే అడుగు. జవాబు రాకపోతే అదే మళ్ళీ అడుగు. కోపం వచ్చినా మాట మార్చకు" అంది. నా ఉత్తరంలో ఒక్క వాక్యం మిగిలింది.

ఆ తర్వాతి నెలలో ఫెలోషిప్‌లో అదే పెద్దంకుల్ ఎవరికో నన్ను పరిచయం చేస్తూ, "ఈ బాబు ఎవరి తాలూకో అడిగితే చెప్పడండీ" అన్నారు. "చెప్పాను కదంకుల్, సంతోషమ్మ గారి తాలూకు" అన్నాను. చెప్పి, ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన బిర్యానీలో ఉప్పు తక్కువైందన్నారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

మోరాగ్ ఆంటీ కిందటి చలికాలంలో పోయింది. అంత్యక్రియల్లో పంచిన కాగితం మీద వాళ్ళ వంశవృక్షం అచ్చువేశారు, ఆవిడే ముందుగా గీసిపెట్టుకుందట. అన్నింటికంటే పైన ఎల్స్‌పెత్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. నాగలి కుర్రాడు పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నాడు. ఆ కాగితం చూసి ఇంటికొచ్చి నేనూ ఒకటి గీశాను. పైన సంతోషమ్మ, ఆమె కింద అమ్మ, అమ్మ కింద నేను. సంతోషమ్మ పక్కన ఖాళీ ఉంది. ఇప్పుడు ఆ ఖాళీని చూస్తే నాకు తలవంపుగా అనిపించదు. అమ్మకూ అనిపించదట. ఆంటీ నాకిచ్చిపోయింది అది, ఇంకా ఉప్పు జావ, ఒకే ప్రశ్నను మళ్ళీ మళ్ళీ అడిగే ఓపిక.

మా ఊరి సంఘంనుంచి ఇప్పటిదాకా జవాబు లేదు. పాస్టర్లు మారారు, సెక్రటరీలు మారారు, నా వాక్యం మారలేదు. ఈ సంచిక ప్రతిని కూడా వాళ్ళకు పంపిస్తున్నాను. పెద్దలారా, నాకు తాత పేరు అక్కర్లేదు, క్షమాపణ కూడా అక్కర్లేదు. సంతోషమ్మను తిరిగి ప్రభువు బల్లకు చేర్చుకున్నట్టు మీ పుస్తకంలో రాసి ఉందా, లేదా? అమ్మ బతికుండగానే జవాబు చెప్పండి.