పేరు కొట్టేసిన వ్యాసం

ప్రొద్దుటూరు బి.ఇడి. కాలేజీలో పాఠాలు చెప్పే ఈశ్వరమ్మకు వ్యాసాలు చదివే రోగం ఒకటుంది. రోగమన్నది ఆమె భర్త నారాయణ మాట. విశాఖపట్నం నుంచి మూడు నెలలకోసారి వచ్చే ఒక విద్యా పత్రికకు టీచర్లు తమ తరగతుల్లో చేసి చూసిన పనుల గురించి వ్యాసాలు పంపుతారు. అచ్చు వేసేముందు సంపాదకుడు లక్ష్మీనారాయణ రాసినవారి పేరు, ఊరు, బడి అన్నీ కొట్టేసి, ఇద్దరు సమీక్షకులకు పంపుతాడు. ఎవరు రాశారో చదివేవారికి తెలియదు, ఎవరు చదివారో రాసినవారికి తెలియదు. ఆ చదివేవారిలో ఒకరిగా ఈశ్వరమ్మ ఏళ్లుగా కళ్లు పొడుచుకుంటోంది.

"కూర మాడిపోతాంటే నీకు కనపడదు గానీ, ఎవురో రాసిన దాంట్లో కామా పోతే కనపడుతుంది," అని నారాయణ దెప్పుతాడు. దెప్పుతూనే లేచి వెళ్లి పొయ్యి కట్టేస్తాడు.

పోయిన ఎండాకాలం అలాంటి వ్యాసమొకటి వచ్చింది. మూడో తరగతి పిల్లలు పాఠం గడగడా చదివేస్తారు, అర్థం అడిగితే నోరు విప్పరు. అందుకని ఆ టీచరు ఒక పద్ధతి పెట్టారు. బడిలో విన్న పాఠాన్ని ఇంట్లో ఎవరికైనా తమ మాటల్లో చెప్పాలి. వాళ్లు ఏం ప్రశ్న అడిగితే ఆ ప్రశ్న మరునాడు బడికి తేవాలి. వాన ఎలా కురుస్తుందో పాఠం విన్న ఒక పాప వాళ్ల అవ్వ దగ్గర్నుంచి ఈ ప్రశ్న తెచ్చింది: "సముద్రంలో నీళ్లు పైకి పోయి వానైతాంటే, మన చేన్లో యాల పడలే?"

అక్కడ ఈశ్వరమ్మ అద్దాలు తీసి పక్కన పెట్టింది. ఆ పద్ధతి ఆమెకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు తన క్లాసులో తనే చెప్పింది. విన్న అందరిలో దాన్ని నిజంగా చేసి చూసింది అమూల్య ఒక్కతే. ఇప్పుడా పిల్ల పెద్దముడియం మండలంలో టీచరు. ఇంకెవరు రాస్తారు, నా అమూల్యే, అనుకుని మురిసిపోయింది.

చిక్కంతా ఆ మురిపెంతోనే వచ్చింది. రాసినవారెవరో తెలిసిపోతే సంపాదకుడికి చెప్పి తప్పుకోవాలని నియమం. ఈశ్వరమ్మ తప్పుకోలేదు. తాను వదిలేస్తే ఈ సీమ మాట తెలియని ఎవరి చేతిలోనో పడుతుందని, అవ్వ ప్రశ్నను మొరటుగా ఉందని తీసేయమంటారని తనకు తానే సర్దిచెప్పుకుంది. పోనీ, మామూలుగానైనా చదవచ్చు కదా. అదీ చేయలేదు. మెత్తగా రాస్తే శిష్యురాలిని వెనకేసుకొచ్చినట్టవుతుందని బిగుసుకుపోయింది. పిల్లలు మరీ తక్కువమంది, ముందూ వెనకా పోల్చి చూసిన పరీక్ష లేదు, అని రాసింది. అవి సబబైన మాటలే. అంతటితో ఆగక చివర్లో, "పిల్లల మీద ప్రేమనే పరిశోధన అనుకుంటే ఎలా?" అని ఒక వాక్యం తగిలించి పంపేసింది. సొంత బిడ్డను నలుగురిలో కాస్త ఎక్కువే తిట్టే తల్లులుంటారు చూడండి, అలాగ.

శ్రావణంలో జమ్మలమడుగులో ఒక పెళ్లికి పోతే, భోజనాల దగ్గర అమూల్య కనపడింది. చూడగానే ఈశ్వరమ్మకు జాలేసింది. అసలు సంగతి చెప్పకుండానే కాస్త ధైర్యం చెబుదామనుకుంది.

"రాసింది మాత్రం వదిలిపెట్టొద్దు పిల్లా. దిద్దుకుని మళ్లా పంపు."

అమూల్య తెల్లమొహం వేసింది. "ఏం రాసింది మేడం? ఫోన్లో హాజరు, మధ్యాహ్నం అన్నం ఫొటోలు, వీటికే పొద్దు సాలడం ల్యా. వ్యాసాలు రాసే తీరిక నాకు యాడుంది?"

ఈశ్వరమ్మ విస్తరి వదిలి లేచింది. ముక్కూ మొహం తెలియని మనిషిని తన మనిషనుకుని అంత మాట అనేసింది. చేయి కడుక్కుని, మండపం వెనక వంటపాత్రల పక్కన నిలబడి సంపాదకుడికి ఫోన్ చేసింది.

"ఆ వ్యాసమా అండీ? వెనక్కి తీసేసుకుంటానని మొన్ననే రాశారు. ఇక మీదట ఎక్కడికీ రాయనన్నారు కూడా," అన్నాడు లక్ష్మీనారాయణ.

ఆమె ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పింది.

"మీరు చేసింది తప్పేనండీ ఈశ్వరమ్మగారూ. మీ సమీక్ష పక్కన పెట్టి వేరేవారికి పంపిస్తాను. కానీ రాసినవారే వద్దంటుంటే ఏం పంపమంటారు?"

"నేను నాలుగు మాటలు రాసిస్తా సార్. పేరుండదు. అవి వాళ్లకు చేర్చండి, చాలు."

ఇతరుల తప్పులు దిద్దుతూ బతికిన మనిషికి ఆ నాలుగు మాటలు రాయడం తలకు మించిన పనైంది. చివరికి ఇలా రాసింది: "మీ వ్యాసం మీద కఠినంగా రాసింది నేనే. పిల్లల సంఖ్య గురించి, పరీక్ష గురించి చెప్పినవి సరైనవే, వాటిని చూసుకోండి. ప్రేమ గురించి అన్నది మాత్రం నా తప్పు. మీరు ఇంకెవరో అనుకుని అన్నాను. ఆ అవ్వ ప్రశ్న చదివాక ఆ పూట నాకు ఇంకే పనీ తోచలేదు. ముందే చెప్పవలసింది అది. దయచేసి రాయడం మానకండి."

పంపాక ఏమైందో తెలియలేదు. తప్పించిన సమీక్షకురాలికి అడిగే హక్కు లేదు. ఆ మనిషి ఏమయ్యారో, ఇంకొకసారి కలం పట్టుకున్నారో లేదో అన్న దిగులుతో ఆమె కాలేజీకి పోయింది, వచ్చింది. నారాయణ దెప్పడం కూడా మానుకున్నాడు.

చలికాలం సంచికలో ఆ వ్యాసం వచ్చింది. పిల్లల సంఖ్య పెరిగింది, పక్క ఊరి బడితో పోల్చిన పరీక్ష చేరింది, అవ్వ ప్రశ్న ఉన్నచోటే ఉంది. కింద పేరు: రహీం, వేంపల్లె మండలం. ఆమె దగ్గర ఎన్నడూ చదువుకోని మనిషి. ఈశ్వరమ్మ తన తెలివికి తనే నవ్వుకుని, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

తర్వాత పులివెందులలో టీచర్ల శిక్షణకు పాఠం చెప్పడానికి పోయినప్పుడు హాజరు పట్టీలో ఆ రహీం పేరు కనపడింది. టీ విరామంలో ఆమే పలకరించింది. "నీ వ్యాసం చదివినానప్పా. బాగా రాసినావు."

"అసలు ఇడ్సిపెట్టేద్దామనుకున్న్యా మేడం. తిట్టిన ఆయప్పే మళ్లా తప్పయిందని రాసినాడు. ఎవురో తెల్దు. పెద్దోళ్లు నాకు తప్పయిందని చెప్పడం నా సర్వీసులో నేను సూడలే."

ఈశ్వరమ్మ నోటిదాకా మాట వచ్చింది. చెబితే నియమం ఇంకోసారి తప్పినట్టే. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"అది సదివిన పొద్దున బడికి పోయినా మేడం," అన్నాడు రహీం. "ముందురోజు ఒక పాపమీద ఊరికే అరిసింటి. దాని దగ్గరికి పోయి, తప్పయిందమ్మా అని చెప్పినా."

"ఏమనింది?"

"పక్కకు జరిగి, ఈడ కూచో సార్ అనింది."